ముందు మేత పట్టిక చూడు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నిమ్మతొక్క సారం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పొదలకూరు నిమ్మ మార్కెట్‌తో ఎత్తుకోవడం నాకు నచ్చింది. ఆ రైతులే నీ మొదటి పాఠకులు కనుక, వాళ్ల కాయ గురించి రుజువు కాని మాట ఒక్కటి కూడా అచ్చు కాకూడదు. ‘కొవ్వు కరిగించే బ్యాక్టీరియాను పెంచే నిమ్మతొక్క’ అన్న నీ శీర్షిక మాత్రం నిలవదు.

నువ్వు ఆధారంగా తీసుకున్న ప్రయోగం జరిగింది చిట్టెలుకల మీద. పరిశోధన పత్రంలో ముందుగా మేత పట్టిక చూడు. అధిక కొవ్వు మేతలో సాధారణంగా 45 లేదా 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వస్తాయి. పంది కొవ్వు, కేసీన్ అనే పాల ప్రొటీన్, చక్కెర, పీచు పేరిట కాస్త సెల్యులోజ్ అందులో ఉంటాయి. పోలిక కోసం పెట్టుకున్న గుంపుకు గోధుమ, మొక్కజొన్న, సోయా కలిసిన మామూలు మేత పెట్టి ఉంటే, దానిలో రకరకాల పీచు ఉంటుంది కాబట్టి, పేగులోని బ్యాక్టీరియాలో కనబడిన తేడా కొవ్వు ఎక్కువై వచ్చిందో పీచు కరవై వచ్చిందో తేల్చలేము. పీచు అందకపోతే కొన్ని బ్యాక్టీరియాలు పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయి. ఈ సంగతి పట్టించుకోని వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మొక్కల్లో, నిమ్మతొక్కలోనూ, సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాల్లో అధిక భాగం చిన్నపేగులో ఒంటబట్టకుండా పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో విడిపోతాయి. క్రాన్‌బెర్రీ సారంతో ఒక బృందం, ద్రాక్ష పాలీఫినాల్స్‌తో మరో బృందం చేసిన ప్రయోగాల్లో, కొవ్వు మేత తిన్న చిట్టెలుకల పేగుల్లో అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా పెరిగిందని ఆ బృందాలు 2015లో ప్రకటించాయి. అది పెరిగింది, బరువు అదుపులో ఉంది; అంతమాత్రాన మొదటిదే రెండోదానికి కారణమని రాయకు. అది తేలాలంటే, సారం తిన్న చిట్టెలుకల మలాన్ని సూక్ష్మజీవులు లేకుండా పెంచిన చిట్టెలుకలకు ఎక్కించి చూశారా? ఒకే పంజరంలో ఉన్నవి ఒకదాని పెంటికలు మరొకటి తిని బ్యాక్టీరియాను పంచుకుంటాయి గనుక, ఏ చిట్టెలుకను ఎక్కడ ఉంచారో కూడా వెతుకు.

మోతాదు దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. కిలో బరువుకు చిట్టెలుకకు ఇచ్చినదాన్ని మనిషికి లెక్కగట్టాలంటే దాదాపు 12తో భాగిస్తారు. అదీ తొలి అంచనా మాత్రమే. పైగా సారం వేరు, మన ఇళ్లలో ఉప్పూ నూనే పోసి పెట్టే నిమ్మకాయ ఊరగాయ వేరు.

శీర్షిక మార్చు. ‘ఈ ప్రయోగం మనుషుల మీద జరగలేదు, షుగర్ మాత్రలు వేసుకునేవారు వాటిని మానకూడదు’ అన్న వాక్యాన్ని మొదటి పేరాలోనే పెట్టి, మళ్లీ పంపు.