సబ్‌వూఫర్ ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మా హాలు 12 అడుగులకు 14. పాటలు వినడానికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొందామనుకుంటున్నాను. యాంప్లిఫయర్ ఎన్ని వాట్లుండాలి? సబ్‌వూఫర్ (బాస్ కోసం విడిగా పెట్టే స్పీకరు) కూడా ఇప్పుడే తీసుకోవాలా?

జవాబు: ముందు స్పీకర్లు తేల్చుకోండి. యాంప్లిఫయర్ వాటిని బట్టి ఎంచుకోవచ్చు. వాట్ల గురించి అంత టెన్షన్ వద్దు. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి ఆ తేడా కొంచెమే తెలుస్తుంది. స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చూడండి. 84 డెసిబెల్స్ ఉన్నదానికి 87 ఉన్నదానికంటే రెట్టింపు పవర్ కావాలి. మీ హాలుకి ఛానల్‌కి (ఒక్కో స్పీకరుకి) 50 వాట్లు చాలు, కానీ అవి నిజమైన ఆర్‌ఎమ్ఎస్ వాట్లయ్యుండాలి, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే పీక్ వాట్లను (క్షణం పాటే ఇవ్వగలిగే పవర్) నేనసలు లెక్కలోకే తీసుకోను. స్పీకర్ల ఇంపెడెన్స్ (కరెంటుకి అవి ఇచ్చే అడ్డు) 4 ఓమ్‌లే అయితే యాంప్లిఫయర్ తట్టుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

సబ్‌వూఫర్‌కి తొందరేం లేదు. సబ్ అవుట్ (సబ్‌వూఫర్‌ని కలిపే సాకెట్) ఉన్న యాంప్లిఫయర్ మాత్రం ఇప్పుడే చూసుకోండి. తర్వాత సబ్ కొన్నప్పుడు క్రాసోవర్ (ఎంత ఫ్రీక్వెన్సీకి దిగువన ఉన్న శబ్దం సబ్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. మూలన పెడితే బాస్ పెరుగుతుంది, దాంతోపాటు రొద కూడా. సరైన చోటు కోసం సబ్‌ని ముందు మీరు కూర్చునే చోట పెట్టి, పాట వేసి, నేలమీద పాకుతూ గదంతా వినండి. బాస్ ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్‌ని అక్కడికి మార్చి పెట్టేయండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.