రామప్ప పక్క ఊరి అమ్మాయికి టూరిజం చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో పాలంపేటకు దగ్గరి పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం హెచ్.ఇ.సి. చదువుతున్న మా అమ్మాయి, రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి టూరిజం చదివి ఇక్కడే పని చూసుకుంటానంటోంది. నేను కూడా రోడ్డు పక్కన ఉన్న కొద్దిపాటి పొలం తాకట్టు పెట్టి హోటల్ కడదామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: అమ్మాయి ఆలోచనను కొట్టిపారేయకండి. హోటల్ ఆలోచనను మాత్రం కొంతకాలం వాయిదా వేయండి.

గుడికి వచ్చే జనాన్ని చూసి ఊరి ఆదాయాన్ని అంచనా కట్టడంలోనే చాలామంది పొరబడతారు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కానీ హైదరాబాదు నుంచి కారులో వచ్చిన కుటుంబం రెండు గంటలు గుడి చూసి, లక్నవరం చెరువుకు వెళ్లి, రాత్రికి హనుమకొండ చేరుకుంటే, పెట్రోలు, భోజనం, గది అద్దె అన్నీ బయటే ఖర్చవుతాయి. ఊరికి దక్కేది టీ, కొబ్బరికాయల డబ్బే. అదే కుటుంబం ఒక్క రాత్రి ఆగితే పాలవారికి, కూరగాయలవారికి, ఆటో నడిపేవారికి, వంట చేసేవారికి తలా కొంత అందుతుంది.

ఆ రాత్రి బస కోసమే హోటల్ కడతానని మీరు అనవచ్చు. అయితే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం; ఆ పైన మరో 200 మీటర్ల వరకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ముందు మీ పొలం ఎంత దూరంలో ఉందో కొలిపించండి. దూరం సరిపోయినా ఇంకొక చిక్కుంది: జనం ఆదివారాలు, శివరాత్రికి, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వస్తారు, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. ఇంట్లోనే ఒకటి రెండు గదులు శుభ్రంగా సిద్ధం చేసి అతిథులకు ఇవ్వడం నయం.

ఇక చదువు సంగతి. హైదరాబాదు గచ్చిబౌలిలోని నితమ్ వంటి సంస్థల్లో టూరిజం, హోటల్ నిర్వహణ కోర్సులున్నాయి. నగరాల్లో ఉద్యోగానికి అవి మంచివే. సొంత ఊళ్లోనే నిలబడాలనుకునే అమ్మాయికి మాత్రం హనుమకొండలో చరిత్రతో బి.ఎ. చదువుతూ, హిందీ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం, లెక్కలు రాయడం నేర్చుకోవడం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. నీళ్లలో తేలే ఇటుకలని ఒక్క మాట చెప్పి ముందుకు నడిచే గైడును ఎవరూ గుర్తుంచుకోరు. ఇసుక నింపిన పునాది ఎందుకు వేశారో, శిఖరానికి తేలికైన ఇటుకలే ఎందుకు వాడారో, ఈ గోడల మీది శిల్పాలనూ జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం 'నృత్త రత్నావళి'నీ ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని ఎలా పునరుద్ధరించారో చెప్పగలిగితే, అరగంటలో వెళ్లిపోదామనుకున్నవారు కూడా పూట ఆగుతారు. (స్థానికులే ఈ కథ సరిగ్గా చెప్పలేకపోవడం నేను చూశాను, బాధనిపించింది.)

డిగ్రీ ప్రవేశాలకు ఇంకా సమయముంది. ఈలోగా నాలుగు ఆదివారాలు అమ్మాయిని నోటుపుస్తకంతో గుడి దగ్గరికి పంపండి. వచ్చినవారు ఏ ఊరివారో, రాత్రికి ఎక్కడ ఉంటారో, ఏమి అడిగితే ఇక్కడ దొరకలేదో రాసుకోమనండి. ఆ పుస్తకం నిండాక హోటల్ మాట మళ్లీ ఎత్తండి.