టెక్ సందేహాలు: కార్ట్రిడ్జ్ ధర సరే, ఆర్మ్ సంగతి చూశారా?

రికార్డులు ప్లే చేసే టర్న్‌టేబుళ్ల గురించి వచ్చే మెయిళ్లలో ఈమధ్య ఒకటే గోడు. మంచి ప్లేయర్ కొన్నాం, ఇంకా మంచి కార్ట్రిడ్జ్ (సూది ఉండే చిన్న పెట్టె) పెట్టాం, అయినా పాట పాత సెట్ మీదే బాగుండేది అంటున్నారు. కార్ట్రిడ్జ్ మోడల్, ధర, దానికి వచ్చిన రివ్యూలు అన్నీ వివరంగా రాస్తున్నారు. దాన్ని ఏ ఆర్మ్‌కి, అంటే దాన్ని రికార్డు మీద మోసే చేతికి, బిగించారో మాత్రం నేను అడిగితే తప్ప చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సెకండ్‌హ్యాండ్‌లో 12 అంగుళాల బరువైన ఆర్మ్ ఉన్న టర్న్‌టేబుల్ తీసుకున్నాను. దానికి బాగా మెత్తటి సస్పెన్షన్ ఉన్న ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్ పెట్టాను. పాట లేని చోట కూడా స్పీకర్లలోని ఊఫర్ కోన్లు లోపలికీ బయటికీ ఊగుతున్నాయి. రికార్డు కాస్త వంగి ఉంటే సూది ఎగిరిపోతోంది. ఆంప్లిఫయర్ పాడైందా? (హైదరాబాద్)

ఆంప్లిఫయర్ విప్పించకండి, అది బాగానే ఉండి ఉంటుంది. కార్ట్రిడ్జ్ సస్పెన్షన్, అంటే సూదిని పట్టుకుని ఊగనిచ్చే భాగం, ఒక స్ప్రింగు. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి దాని మీద పడే బరువు. ఈ రెండూ కలిస్తే ఉయ్యాలలాగే తమకంటూ ఒక ఊపు ఉంటుంది. ఆ ఊపు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య, అంటే 8-12 హెర్ట్జ్‌లో పడాలి. అంతకంటే బాగా తగ్గితే రికార్డు వంపులు, గదిలో ఎవరైనా నడిచిన అదురు దాన్ని రెచ్చగొడతాయి. బాగా పెరిగితే పాటలోని బేస్‌ని తాకుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయెన్స్ అంకెతో (సస్పెన్షన్ ఎంత మెత్తనో చెప్పేది) గుణించి వర్గమూలం తీయండి. 159ని దానితో భాగించండి. మీరు రాసిన అంకెల ప్రకారం ఆర్మ్ 22, కార్ట్రిడ్జ్ 6, స్క్రూలు 1, మొత్తం 29 గ్రాములు. కంప్లయెన్స్ 30. లెక్క 5.4 హెర్ట్జ్ దగ్గర తేలుతోంది. మీ కోన్లు ఊగుతున్నది అందుకే. అదే ఆర్మ్‌కి కంప్లయెన్స్ 10 ఉన్న గట్టి కార్ట్రిడ్జ్ పెడితే 9.3 వస్తుంది. ధర సగమే ఉన్నా సరే, మీ ఆర్మ్‌కి అదే మంచి కార్ట్రిడ్జ్. ఇప్పుడున్న దాన్ని వదులుకోలేకపోతే 5, 6 గ్రాముల తేలికపాటి ఆర్మ్ వెతుక్కోండి.

ఎఫెక్టివ్ మాస్ అంటే ఆర్మ్‌ని కాటా మీద పెడితే వచ్చే బరువు కాదు. సూది దగ్గర తగిలే బరువు. వెనకాల ఉండే కౌంటర్‌వెయిట్ ఆర్మ్ తిరిగే ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అది ఎంత బరువున్నా ఈ లెక్కలోకి వచ్చేది కొంచెమే.

ఇక్కడ తయారీదారుల మీద నాకు నిజంగానే కోపం వస్తుంది. లక్షలు పోసి కొనే టర్న్‌టేబుల్ కరపత్రంలో చెక్క ఏ అడవిదో రాస్తారు, ఎఫెక్టివ్ మాస్ రాయరు. కార్ట్రిడ్జ్ వాళ్లు కంప్లయెన్స్ అంకె వేస్తారు, దాన్ని 10 హెర్ట్జ్ దగ్గర కొలిచారో 100 దగ్గర కొలిచారో చెప్పరు. జపాన్ కార్ట్రిడ్జులకు ఎక్కువగా 100 దగ్గర కొలిచిన అంకే ఇస్తారు. మన లెక్కకి అది పనికి రావాలంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. ఇది తెలియక 5 అని చూసి భయపడి మంచి కార్ట్రిడ్జ్ వదిలేసినవాళ్లూ ఉన్నారు. ఆ రెండు అంకెలు అట్టపెట్టె మీద వేయడానికి వాళ్లకు ఖర్చేమీ కాదు. అవి లేని వస్తువు కొనొద్దు. షాపువాడిని అడగండి, చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి.

ఎంఎం తీసేసి ఎంసీ (మూవింగ్ కాయిల్) కార్ట్రిడ్జ్ పెట్టాను. సౌండ్ సన్నగా వస్తోంది, వాల్యూమ్ పెంచితే హమ్. (డల్లాస్)

మీ ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచేది) ఎంఎం కోసం చేసినది. ఎంఎం 4, 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. మీ ఎంసీ ఇచ్చేది 0.3. 40 డెసిబెల్స్ పెంచే స్టేజ్ దానికి చాలదు, 60 దాకా కావాలి. ఎంసీ స్విచ్ ఉన్న స్టేజ్ కొనండి, లేదా 1:10 స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే కార్ట్రిడ్జ్‌కి మీ ఫోనో స్టేజ్‌లోని 47 కిలోఓమ్స్ లోడ్ 470 ఓమ్స్‌గా కనిపిస్తుంది. అది సరిపోతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

రికార్డులో చివరి పాటకి వచ్చేసరికి స, శ అక్షరాలు చిట్లుతున్నాయి. సూది మార్చినా అంతే. ఇంకా ఖరీదైనది కొనాలా? (విజయవాడ)

ఎల్పీ బయటి అంచున గాడి సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు జరుగుతుంది. లోపలి చివర 21 సెంటీమీటర్లే. అంతే శబ్దం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. గుండ్రటి మొన ఉన్న సూది ఆ సన్నటి మలుపుల్లోకి దూరలేదు. ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు) మొన కొంత నయం, షిబాటా లాంటి మొనలు ఇంకా నయం. కానీ మొన ఎంత సన్నదైతే అమరిక అంత కచ్చితంగా ఉండాలి. వంకరగా బిగించిన షిబాటా కంటే సరిగ్గా బిగించిన ఎలిప్టికల్ మేలు. కాబట్టి ముందు డబ్బు కాదు, ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి.

కార్ట్రిడ్జ్ అమరిక సరిచూసే అద్దం ప్రొట్రాక్టర్ తెచ్చుకోండి. రికార్డు నడిమి ఇరుసు నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు చుక్కలుంటాయి. రెండింటి మీదా సూది మొన సరిగ్గా దిగాలి, సూదిని మోసే కడ్డీ, అంటే కాంటిలీవర్, అక్కడి గీతలకు సమాంతరంగా ఉండాలి. కార్ట్రిడ్జ్ పెట్టె అంచు చూసి సరిపెట్టుకోవద్దు, ఆ సన్నటి కడ్డీనే చూడండి. దాని ప్రతిబింబం అద్దంలో దానికిందే ఒకే గీతగా కలిసిపోవాలి. కొంచెం విరిగినట్టు కనిపించినా స్క్రూ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. వైర్లలో ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి, తెలుపు, నీలం ఎడమవైపువి.

అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవర్ మాత్రం దగ్గరికి రానీయకండి. కొన్నేళ్ల కిందట నా చేతిలోని స్క్రూడ్రైవర్‌ని కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం లాగేసింది. మొన కాంటిలీవర్‌కి తగిలి అది విరిగింది. చప్పుడు కూడా వినిపించలేదు. సూది బరువు తూచే చిన్న కాటాలతోనూ ఇదే గొడవ. పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్ దాన్ని లాగి తప్పు అంకె చూపిస్తుంది.

సూది బరువు మీరు 2 గ్రాములు పెట్టాల్సిన చోట 1.4 పెట్టానని రాశారు. రికార్డు అరగకుండా ఉంటుందని చాలామంది ఇదే చేస్తారు. తేలికైన సూది గాడిలో నిలవదు, గోడల్ని కొడుతూ పోతుంది. రికార్డుకి ఎక్కువ దెబ్బ దానివల్లే. మీ చిట్లుడులో సగం ఇదే అయి ఉండొచ్చు.

జపాన్ నుంచి కార్ట్రిడ్జ్ తెప్పిస్తున్నాను. "చిరునామా తప్పు, 25 రూపాయలు కట్టండి" అని లింక్ వచ్చింది. కార్డుతో కట్టేశాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. (గుంటూరు)

ఇది చదువుతున్న నిమిషంలోనే బ్యాంక్ యాప్‌లో ఆ కార్డు బ్లాక్ చేయండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఎక్కడికక్కడ ఆగే అవకాశం అంత ఎక్కువ. వాళ్లకు కావలసింది ఆ 25 రూపాయలు కాదు, మీ కార్డు నంబరు, ఆ వెంటనే వచ్చే ఓటీపీ.

ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఏ పార్శిలూ రానివాడు ఇలాంటి మెసేజ్‌ని పట్టించుకోడు. నిజంగానే విదేశం నుంచి పార్శిల్ కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడు మాత్రం ఆత్రంగా నొక్కేస్తాడు. తర్వాతి మెట్టు వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. ట్రాకింగ్ యాప్ అని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు, అందులోని ఓటీపీలు అవతలివాడు చదువుతాడు. ఆ పైమెట్టు, మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయంటూ పోలీసు యూనిఫాంలో వీడియో కాల్. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. కాల్ కట్ చేయండి.

తప్పంతా వాడేవాళ్లదే అనను. విదేశీ పార్శిల్‌కి సుంకం, కేవైసీ నిజంగానే ఉంటాయి. కొన్ని అసలు కొరియర్ సంస్థలు కూడా వాటికోసం అర్థంకాని పొట్టి లింకులే పంపుతున్నాయి. అసలుదీ దొంగదీ ఒకేలా ఉంటే సామాన్యుడు ఎలా తేల్చుకుంటాడు? లింకులు మానేసి, "మా సైట్‌కి వచ్చి మీ ట్రాకింగ్ నంబరు కొట్టండి" అని ఒక్క వాక్యం పంపితే చాలు. వాళ్లు మారేదాకా మీరే ఆ పని చేయండి. అమ్మినవాడు ఇచ్చిన నంబరుని కొరియర్ సైట్ పేరు స్వయంగా టైప్ చేసి అక్కడే చూడండి. కట్టాల్సింది ఉంటే అక్కడే కనిపిస్తుంది.

పార్శిల్ చేతికొచ్చాక పెట్టె విప్పేదంతా ఫోన్‌లో ఆపకుండా వీడియో తీయండి. సూది దగ్గరికి వచ్చినప్పుడు భూతద్దం అడ్డుపెట్టి తీయండి. విరిగే వచ్చిందని ఆ తర్వాత ఎంత చెప్పినా ఏ అమ్మకందారూ ఒప్పుకోడు.