ఇశ్రాయేలు పుట్టుక గురించి రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

"తవ్వకాలు బైబిల్‌ని రుజువు చేశాయా, లేదా?" అని వ్యాసం మొదలుపెట్టకు. ఊరు మారితే జవాబు మారుతుంది.

ముందు ఈజిప్టు రాజు మెర్నెప్తా శాసనం తీసుకో. క్రీ.పూ. 1208 ప్రాంతపు ఈ రాయిని 1896లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని థీబ్స్‌లో బయటపెట్టారు. దాని మీద కనాను ఊళ్లైన అష్కెలోను, గెజెరు పేర్ల పక్కన పట్టణాల గుర్తు ఉంది. ఇశ్రాయేలు పేరుకు మాత్రం స్త్రీపురుషుల బొమ్మలున్నాయి, అంటే అది జనం పేరు. కనానులో అప్పటికే ఆ పేరుగల జనం ఉన్నారని తేలింది. ఎక్కడినుంచి వచ్చారో రాయి చెప్పలేదు, నువ్వూ చెప్పించకు.

ఇశ్రాయేలీయులు కనానును జయించారని చెప్పే బైబిల్ భాగం యెహోషువ గ్రంథం. అందులోని ఊళ్లను ఒకే గాటన కట్టకు. యెరికో నాశనాన్ని అక్కడ తవ్విన గార్‌స్టాంగ్ క్రీ.పూ. 1400 దగ్గర పెడితే, 1950లలో మళ్లీ తవ్విన కేథ్లీన్ కెన్యన్ 1550కి జరిపారు. కాలిన ధాన్యం మీద వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షలు కెన్యన్ వైపే మొగ్గాయి. ఆ గ్రంథంలోని "హాయి" అనే ఊరు ఇదేనని గుర్తించిన ఎట్-టెల్ దిబ్బ క్రీ.పూ. 2400 నుంచి 1200 దాకా ఖాళీ. ఆ గుర్తింపునే ఒప్పుకోనివారున్నారు, అదీ రాయి. హాసోరు మాత్రం క్రీ.పూ. 13వ శతాబ్దంలో నిజంగానే తగలబడింది. తగలబెట్టిందెవరో తేలలేదు.

ఎక్కువ పేజీలు కనాను కొండసీమకు ఇవ్వు, అసలు సరుకు అక్కడే ఉంది. 1967 తర్వాతి సర్వేల్లో, క్రీ.పూ. 1200–1000 మధ్య పుట్టిన చిన్న పల్లెలు సుమారు 250 దాకా లెక్కకొచ్చాయి. వాటి మట్టిపాత్రలు కనానీయుల పద్ధతికి కొనసాగింపే. అందుకే వలసొచ్చిన సైన్యం కన్నా, కనానులోని జనమే చాలావరకు కొండలెక్కారన్న వాదం బలపడింది. కొత్తగా రాసేవాళ్లు జారిపడేదీ ఇక్కడే: పంది ఎముకలు లేవు కాబట్టి ఇశ్రాయేలీయుల ఊరేనంటారు. అంతకుముందటి కంచుయుగంలో కూడా ఆ కొండల్లో పంది అరుదే. పందులు ఎక్కువగా తిన్నది ఇశ్రాయేలీయుల పొరుగువాళ్లైన ఎక్రోను, అష్కెలోను ఫిలిష్తీయులు. ఇశ్రాయేలీయుల గుర్తుగా చూపే, మెడ దగ్గర పట్టీ ఉన్న పెద్ద జాడీలూ యొర్దాను నది అవతల కూడా దొరికాయి, కాబట్టి అవీ రుజువు కావు.

రేడియోకార్బన్ తేదీ చూస్తే, దేన్ని పరీక్షించారో అడుగు. దూలమైతే కట్టడం కన్నా వందేళ్లు పాతదై ఉండొచ్చు. ఒలీవ గింజ ఆ ఏటిదే. దావీదు, సొలొమోనుల కాలమనే క్రీ.పూ. పదో శతాబ్దం మీద గొడవంతా వందేళ్లలోపు తేడా గురించే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఏ వస్తువైనా ఏ పొరలో దొరికిందో చూడు. "దావీదు ఇల్లు", అంటే దావీదు రాజవంశం, అన్న మాట ఉన్న తేల్ దాన్ శాసనం 1993లో తవ్వకంలోనే, గోడలో తిరిగి వాడిన రాయిగా దొరికింది. దాన్ని ధైర్యంగా వాడుకో. 2022లో ప్రకటించిన ఏబాలు కొండ సీసపు పలక పాత తవ్వకాల మట్టికుప్పను జల్లిస్తే వచ్చింది. దాని పొర తెలియదు, అక్షరాల మీదా పండితులకు ఏకాభిప్రాయం లేదు. పెట్టి తీరాలనుకుంటే ఫుట్‌నోట్‌లో పెట్టు.