జీతం ఇవ్వలేదని క్లబ్బు వదిలేస్తే ఫ్రీ ఏజెంట్ (ఏ క్లబ్బుకూ కట్టుబడని ఆటగాడు) అయిపోతారా?

ప్రశ్న: నా వయసు 24. విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుతో మూడేళ్ల ఒప్పందం చేసుకుని 22 నెలలైంది. కొత్త కోచ్ నన్ను బెంచీకే పరిమితం చేశాడు, అందరి ముందూ చులకన చేస్తున్నాడు. మూడు నెలలుగా జీతం లేదు. మేనేజర్‌ను చాలాసార్లు అడిగాను. చేరిన రోజు ఇవ్వాల్సిన సొమ్ములో సగం ఇప్పటికీ రాలేదు. మొన్న ఏదో కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు, ఆ భాష నాకు రాదు. వేరే క్లబ్బు పిలుస్తోంది. ‘వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి వచ్చెయ్, నువ్వు ఫ్రీ ఏజెంట్‌వే’ అంటున్నాడు ఏజెంటు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లకండి. మీ బాధంతా కోచ్ గురించే, కేసు తేలేది మాత్రం జీతం దగ్గర. ఫిఫా బదిలీ నిబంధనల్లో 14 బిస్ అని ఒకటుంది, 14వ నిబంధనకు అనుబంధంగా 2018లో వచ్చింది. రెండు నెలల జీతం ఎగ్గొడితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. కాకపోతే ముందు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసిచ్చి, బకాయి మొత్తం కట్టడానికి కనీసం 15 రోజులు గడువివ్వాలి. మేనేజర్‌ను నోటితో అడిగితే అది నోటీసు కాదు. గడువులోగా కట్టేస్తే మీరు కదలడానికి లేదు.

చదవని కాగితం మీద సంతకమేమిటండీ? అందులో ‘బకాయిలేమీ లేవు’ అని ఉంటే క్లబ్బు మొదట చూపించేది దాన్నే. కాపీ అడిగి తీసుకుని అనువాదం చేయించండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా తీసి పెట్టుకోండి, జీతం పడలేదనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు.

ఏజెంటు మాట వింటే ఒప్పందం ఉల్లంఘించింది మీరవుతారు. 28 ఏళ్లలోపు సంతకం చేసినవారికి మొదటి మూడేళ్లు రక్షిత కాలం. అందులో కారణం నిలబడకుండా వెళ్లిపోతే పరిహారంతో పాటు నాలుగు నెలల నిషేధం పడవచ్చు. ఫ్రీ ఏజెంట్లకు దారి తెరిచిన 1995 నాటి బోస్‌మన్ తీర్పు (బెల్జియం ఆటగాడి కేసులో యూరప్ న్యాయస్థానం ఇచ్చింది) కూడా గడువు ముగిసిన ఒప్పందం గురించే. మీకింకా 14 నెలలుంది. వేరే క్లబ్బుతో ముందస్తు సంతకానికైనా ఆరు నెలలకు మించి మిగిలి ఉండకూడదు.

చేరినప్పటి సొమ్ము సంగతి ఇంకా తొందర. ఫిఫా వివాద పరిష్కార విభాగం రెండేళ్లు దాటిన క్లెయిము వినదు. క్లెయిము వేయడానికి మీకు మిగిలింది రెండు నెలలు. నోటీసు ఈ వారమే ఒప్పందంలో ఉన్న క్లబ్బు ఈమెయిల్‌కు పంపండి. ఏ నెల జీతం ఎంత, ఏ తేదీకి రావాలో విడివిడిగా రాయండి. పంపేది మీ మెయిల్ నుంచి, ఏజెంటు ఫోన్ నుంచి కాదు.