మొలవని గింజల గురించి, బుజ్జికి

బుజ్జీ,

ఫొటో చూశాను. ఇరవై శంఖుపుష్పం గింజలు పెడితే మూడు వారాలకి రెండే మొలిచాయని కొట్టువాడితో పోట్లాటకి దిగకు. ముందు ఆ కుండీలో మట్టి కెలికి, మిగిలిన గింజలు ఏరు. నొక్కితే చితికిపోయినవి కుళ్ళిపోయినట్టే, పారెయ్యి. గులకరాళ్ళలా గట్టిగా ఉన్నవి బతికే ఉన్నాయి. వాటి తోలు దాటి నీటిచుక్క లోపలికి పోలేదు, అంతే. తొలకరి జల్లుకే అన్నీ మొలిచి, తరవాతి ఎండకి అన్నీ మాడిపోకుండా ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటది.

జిబ్బరెల్లిక్ ఆమ్లం పొడి కొననా అన్నావు. అది లోపలి మొలక నిద్రపోతుంటే లేపే మందు. నీళ్ళే దూరని గింజలోకి మందెలా దూరుతుంది?

నీకు కావలసింది గోళ్ళు తీసుకునే కట్టర్. గింజ పక్కన చిన్న మచ్చ కనిపిస్తుంది, కాయకి అతుక్కుని ఉన్న చోటు. దాన్ని కన్ను అంటాం. వేరు బయటికొచ్చేది ఆ పక్కనుంచే, కాబట్టి అటు చెయ్యి పెట్టకు. ఎదురు వైపున పైతోలు రవ్వంత కత్తిరించు. లోపలి పప్పు లేతరంగులో కనబడిందా, ఆపెయ్యి. చెయ్యి వణికితే గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దినా చాలు. తరవాత గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టు. పొద్దున్నకి కొన్ని ఉబ్బి బొద్దుగా అవుతాయి, కొన్ని రాత్రి ఎలా వేశావో అలాగే ఉంటాయి. ఉబ్బినవి అర అంగుళం లోతున నాటు. ఉబ్బనివాటిని మళ్ళీ గీకి మళ్ళీ నానబెట్టు. అన్నీ కలిపి నాటేస్తే మళ్ళీ నాకు ఫొటోలే పంపుతావు.

తామర గింజదీ ఇదే కథ, పెంకు ఇంకా మొండిది. చైనాలో ఎండిపోయిన ఓ సరస్సు అడుగున దొరికిన, సుమారు 1300 ఏళ్ళ నాటి తామర గింజ పెంకు అరగదీసి నానబెడితే మొలిచింది. నీవి పోయినేడాదివేగా!

తురాయి గింజలకైతే వేణ్ణీళ్ళు వాడతాం. ఇక్కడ నా తెలివి చెప్పాలి. కొత్తలో ఎవరో "మరిగే నీళ్ళలో వెయ్యి" అన్నారని గిన్నె పొయ్యి మీదే ఉంచి, ఉలవలు ఉడికించినట్టు ఉడికించాను. రెండు దోసిళ్ళ గింజలు, ఒక్కటీ మొలవలేదు. నీళ్ళు మరిగాక దించి, పక్కన పెట్టి, అప్పుడు గింజలు వెయ్యాలి. చల్లారేదాకా, తెల్లారేదాకా అందులోనే వదిలెయ్. యాసిడ్‌లో వేసే పద్ధతీ ఒకటుంది, ఇంట్లో దాని జోలికి పోకు.

అన్నిటికీ తోలే అడ్డం కాదు. పెటూనియా గింజ దుమ్ములా ఉంటుంది, దానికి వెలుతురు కావాలి. మట్టి మీద చల్లి అద్ది వదిలెయ్, పైన ఏమీ కప్పకు. బిళ్ళగన్నేరు దానికి సరిగ్గా వ్యతిరేకం, చీకట్లో బాగా మొలుస్తుంది. పలచగా మట్టి కప్పి, మొలకలు కనబడేదాకా ట్రే మీద అట్టముక్క మూసి ఉంచు. నీళ్ళు మాత్రం ఎక్కువ పొయ్యకు, మొలకలు మొదట్లోనే కుళ్ళి పడిపోతాయి.

ఆ లావెండర్ పొట్లం ఎందుకు కొన్నావో నాకు అర్థం కాలేదు. హైదరాబాదు ఎండలకి అది సుఖపడదు. కొన్నావు కాబట్టి చెబుతున్నా: తడిపి పిండిన టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచు. చలికాలం దాటిపోయిందనుకుని లేస్తాయి. ఫ్రీజర్‌లో కాదు సుమా. డబ్బా మీద పేరూ తేదీ రాయి, మీ అత్తగారు సోంపు అనుకుని పోపులో వేసేయగలరు.

శనివారం రాత్రి శంఖుపుష్పం నానబెట్టి, ఆదివారం పొద్దున్నే ఎన్ని ఉబ్బాయో ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ