మసుంతే వెళ్లబోయే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరు సెలవులకు అల్లుడుగారితోనూ, మీ అత్తమామలతోనూ కలిసి మెక్సికోలో ఏదైనా సముద్రతీరానికి వెళ్లాలనుకుంటున్నామనీ, కాన్‌కూన్‌లాంటి పెద్ద హోటళ్ల ఊరు మాత్రం వద్దనీ రాశావు. మీ పెద్దమ్మా నేనూ ఇష్టపడి వెళ్లే మసుంతే మీకు సరిపోతుందని నా నమ్మకం. వహాకా రాష్ట్రంలో, పసిఫిక్ ఒడ్డున, తాటాకుల పందిళ్ల కింద భోజనశాలలూ చిన్న చిన్న బసలూ ఉన్న పల్లె అది. ఊరు చేరేవరకు ప్రతి విషయమూ ముందుగా ఖాయం చేసుకో, చేరాక మాత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోకు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మొదట కాగితాల సంగతి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కరలేదు కనుక, విజిటర్ వీసా మీద వచ్చిన మీ అత్తమామలకు ఇబ్బంది ఉండదు. మీ ఇద్దరి పాస్‌పోర్టులలోని హెచ్-1బి స్టాంపుల గడువు తేదీలను మాత్రం ఈ రోజే చూసుకో. గడువు తీరిన స్టాంపు చూపిస్తే మెక్సికోలోకి రానివ్వరు. అప్పుడు వారి కాన్సులేటులో వీసా తీసుకోవలసి వస్తుంది. తిరిగి అమెరికాలో అడుగుపెట్టే విషయంలో ఏమాత్రం సందేహమున్నా, టికెట్లు కొనకముందే లాయరును అడగడం మంచిది.

విమానం వతుల్కోకు గానీ, ప్యుయెర్తో ఎస్కొందీదోకు గానీ తీసుకోండి. వతుల్కో విమానాశ్రయం నుంచి టాక్సీలో సుమారు గంట ప్రయాణం. వహాకా నగరం చూసి అక్కడి నుంచి రోడ్డు మీద దిగాలనుకుంటే, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన కొత్త రహదారి మీదుగానే రండి. కొండల్లో మెలికలు తిరిగే పాత దారిలో కడుపులో తిప్పని వాళ్లు అరుదు. పెద్దవాళ్లను ఆ దారిన తీసుకురావద్దు. చాలా దుకాణాలు కార్డు తీసుకోవు కాబట్టి, నగదును పోచుత్లా పట్టణంలో ఏటీఎం నుంచి తీసుకుని వెంట ఉంచుకోండి. డాలర్ల లెక్కలోకి మార్చమంటారా అని ఆ యంత్రం అడిగితే వద్దని నొక్కాలి, లేకపోతే మారకపు రేటులో నష్టపోతారు.

ఇక సముద్రం. నేను నొక్కి చెప్పవలసినది దీని గురించే. పక్క ఊరు సిపొలీతే పొడవైన అందమైన తీరమే కానీ, అక్కడ కెరటం వెనక్కి మళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకను తోడేస్తూ మనిషిని లోపలికి లాక్కుపోతుంది. ఒడ్డున నిలబడి చూసేవారికి అలలు విరగని ఒక పాయ ప్రశాంతంగా కనిపిస్తుంది. నీరు లోపలికి పరుగెత్తేది ఆ పాయలోనే. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఈదబోయి అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. (బట్టలు లేకుండా తిరిగేవారు అక్కడ మామూలే కనుక, మామగారిని తీసుకువెళ్లేముందు ఒక మాట చెప్పి ఉంచు.) మీ స్నానాలకు మసుంతేలో పడమటి చివర ఉన్న రింకొన్సీతో మూల కొంత నయం, సాన్ అగుస్తినీయోలోనూ రాళ్ల చాటున నెమ్మదైన చోట్లు ఉన్నాయి. ఎక్కడైనా ఎర్రజెండా కనిపిస్తే పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి.

భోజనం గురించి అత్తగారికి బెంగ ఉంటుందని తెలుసు. మాంసం వద్దని చెప్పినంత మాత్రాన సరిపోదు. తలయూదా అని పలుచటి పెద్ద మొక్కజొన్న రొట్టె తెస్తారు. దాని మీద బీన్స్ ముద్దకు ముందు 'అసియెంతో' అనే పంది కొవ్వు పూస్తారు. బీన్స్‌ను కూడా తరచు పంది కొవ్వులోనే వేయిస్తారు, అన్నాన్ని కోడి పులుసులో వండుతారు. అందువల్ల 'సిన్ అసియెంతో, సిన్ మంతేకా, సిన్ కాల్దో దే పోయో' అని కాగితం మీద రాసుకుని చూపించండి. నిమ్మరసం, మిరపకాయ, ఉప్పు చల్లిన ఎర్రటి వేపుడు కనిపిస్తే, అది చపులీనెస్ కావచ్చు, అంటే మిడతలు. తాగడానికి 'ఆగ్వా దే హమైకా' అడగమను. అది గోంగూర జాతి మొక్క పూల ఎర్రటి రక్షకపత్రాలతో చేసే పుల్లని చల్లటి పానీయం, ఆవిడకు తప్పక నచ్చుతుంది. కుళాయి నీళ్లు మాత్రం ఎవరూ తాగవద్దు; బసలో పెద్ద నీళ్ల డబ్బా పెట్టమనండి.

కాలు గాలిన పిల్లిలా రోజుకు మూడు ఊళ్లు చుట్టే అలవాటు అల్లుడుగారికి ఉంది కనుక ఒక సూచన: ఒక సాయంత్రం పుంతా కొమేతా కొండకొమ్మ వరకు నడిచి సూర్యాస్తమయం చూడండి, ఒక ఉదయం లా వెంతనీయాలో మడ అడవుల మధ్య పడవలో తిరిగి మొసళ్లను చూడండి. అంతకుమించి పెట్టుకోవద్దు. అయితే తాబేళ్ల కేంద్రం దగ్గర కాస్త ఆగండి. మెక్సికో ప్రభుత్వం 1990లో సముద్రపు తాబేళ్ల వేటను నిషేధించేవరకూ ఈ ఊరి జీవనం చాలా భాగం తాబేళ్లను కోసే వధశాల మీదే సాగింది. అది మూతపడ్డాక జనం సబ్బులూ నూనెలూ తయారుచేసే సహకార సంఘం వైపూ, అతిథులకు బస ఇవ్వడం వైపూ మళ్లారు. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ జాతే ఇక్కడికి దగ్గరలోని ఎస్కొబీయా తీరానికి గుంపులుగా వస్తుంది. తాబేటి గుడ్లు గానీ, డిప్పతో చేసిన వస్తువులు గానీ ఎవరైనా చాటుగా అమ్మజూపితే కొనవద్దు, అది నేరం.

దోమల మందు, టార్చిలైటు మరచిపోవద్దు. కరెంటు పోవడం అక్కడ మామూలే. క్రిస్మస్ వారంలో గదులు దొరకడం కష్టం కాబట్టి, మీ తేదీలు స్థిరపడగానే నాకు రాస్తే, మేము దిగే ఇంటావిడకు నేనే ఫోను చేసి, అత్తమామలకు మెట్లు లేని గది అడిగి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న